తనూజకి చెప్పి వెళ్ళండి

తనూజకి ఐదేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి ఆమెను మోసం చేశారు. ప్రేమతోనే చేశారు. అందుకే అది తప్పని ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు పొద్దున్నే మేనమామ పాండురంగయ్య ఆమెను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పెడన రైలుగేటు దాకా తీసుకెళ్ళాడు. జీళ్ళు కొనిపెట్టాడు. రైలొస్తుంది చూద్దామన్నాడు. రైలొచ్చి వెళ్ళాక ఇంకోటి కూడా చూద్దామన్నాడు. ఏదడిగినా కాదనని మావయ్యను చూసి పిల్ల పొంగిపోయింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఇంట్లో అమ్మ లేదు.

తండ్రి పోయాక మగ్గం ఇద్దరికి తిండి పెట్టలేకపోయింది. తల్లి కనకమహాలక్ష్మి కువైట్‌లో ఇంటిపనికి ఒప్పుకుంది. పిల్ల చూస్తుండగా బయల్దేరితే కాళ్ళకు చుట్టుకుంటుందని, గుక్కపట్టి ఏడుస్తుందని, పెద్దవాళ్ళంతా కూర్చుని ఆలోచించి ఈ ఉపాయం పన్నారు.

"అమ్మేదీ?"

"కొట్టుకెళ్ళిందమ్మా, ఇప్పుడే వస్తుంది," అంది అత్తయ్య రాజకుమారి.

పిల్ల వంటింట్లో చూసింది, పెరట్లో చూసింది. చివరికి మగ్గం గుంటలోకి దిగింది. అమ్మ రోజంతా కాళ్ళు పెట్టుకుని కూర్చునేది అందులోనే కదా. గుంటలోంచి తల పైకెత్తి అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. ఏడవలేదు.

"చూశారా, ఎంత బుద్ధిమంతురాలో! చెప్పి వెళ్ళుంటే ఏడ్చి ఊరు ఏకం చేసేది," అనుకున్నారు.

మన వైపు దీన్ని తప్పు అనరు, తెలివి అంటారు. అంగన్‌వాడీలో దింపేటప్పుడూ, ఊరెళ్ళేటప్పుడూ, చివరికి మనిషి చచ్చిపోయినప్పుడూ పిల్లలకి ఒకటే మాట చెబుతారు: ఇప్పుడే వస్తారు. పిల్ల ఏడవకపోతే చాలు, లోపల ఏమైనా ఫర్వాలేదు.

కువైట్ నుంచి శుక్రవారం శుక్రవారం ఫోన్ వచ్చేది. "ఇదిగో వచ్చేస్తున్నా బంగారం," అనేది అమ్మ. ఆ వచ్చేయడం తనూజ పదో తరగతి పరీక్షలు రాసేనాటికి జరిగింది. బరువైన దుప్పట్లూ సెంటు సీసాలూ దిగాయి. తనూజ దుప్పట్లు తీసుకుంది. అమ్మని మాత్రం "మీరు" అంది. ఊళ్ళోవాళ్ళు మర్యాద తెలిసిన పిల్ల అన్నారు.

పెరిగి పెద్దదైన తనూజను ప్రేమించకుండా ఉండడం కష్టం. ఆమెతో వేగడం అంతకంటే కష్టం. ఎవరి పుట్టినరోజూ మర్చిపోదు. పక్కింటి ముసలమ్మకి జ్వరమొస్తే పని మానుకుని కూర్చుంటుంది. నవ్వితే వీధి చివరికి వినిపిస్తుంది. కొత్తగా స్నేహమైన పిల్ల మొదటి వారం "నా ప్రాణం". తన కొత్త చీర తీసి ఇచ్చేస్తుంది. మూడో వారం ఆ ప్రాణం ఫోన్‌లో మెసేజ్ చూసి కూడా జవాబివ్వకపోతే "మోసగత్తె". చీర తిరిగివ్వమని కబురు. ఎవరైనా తనను వదిలేస్తారని అనుమానం వస్తే చాలు, తనే ముందు వదిలేసేది. అదీ మామూలుగా కాదు, మళ్ళీ మొహాలు చూసుకునే వీలు లేనంతగా.

గుడివాడలో బట్టల షాపులో చేరింది. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే శ్రీనాథ్ అనే కుర్రాడు ఆమెను నిజంగానే ఇష్టపడ్డాడు. ఒకసారి వాడు బెజవాడలో బంధువుల పెళ్ళికి వెళ్ళాడు. ఫోన్ ఆగిపోయింది. తనూజ బస్సెక్కి నేరుగా కళ్యాణ మండపానికి వెళ్ళి, భోజనాల బంతి మధ్య నిలబడి, నన్ను వదిలించుకోవాలంటే మొహం మీద చెప్పరా అని అరిచింది. వదిలించుకోవాలని వాడికి అప్పటిదాకా లేదు. తర్వాత వచ్చింది.

గుడివాడ వదిలేసి పెడన తిరిగొచ్చింది. మే నెల ఎండలో కూడా ముంజేతులు కప్పుకునే పొడుగు చేతుల జాకెట్లు వేసుకునేది. ఆ ఉక్కలో అలాంటి జాకెట్టు వేసుకున్న మనిషిని చూస్తే ఎవరో ఒకరు అడగాలి. ఎవరూ అడగలేదు, ఫ్యాషన్ అనుకున్నారు. ఒకరోజు తడి చెయ్యి తుడుచుకుంటుంటే అత్తయ్య చూసింది, ముంజేతి మీద కోసుకున్న గీతలు. అప్పుడు మొదలైంది తిరుగుడు. ఒకాయన తాయెత్తు కట్టాడు. ఒకాయన బలానికి సూదిమందు పొడిచాడు. పెద్ద డాక్టరొకాయన తల ఎత్తకుండానే, "అందరూ తననే చూడాలని చేస్తోంది. పెళ్ళి చేసెయ్యండి, సర్దుకుంటుంది," అన్నాడు. మోకాలి నొప్పికి ఏళ్ళతరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగే జనం మనసు నొప్పికి మాత్రం ఒక్కసారి చూపిస్తే చాలనుకుంటారు.

ఈలోగా పాండురంగయ్య ఆమెను తన అద్దకం షెడ్డులో పనిలో పెట్టుకున్నాడు. చెక్క అచ్చులతో గుడ్డ మీద పువ్వులూ లతలూ అద్దే పని. తనూజ చెయ్యి ఆ పనికి పుట్టినట్టే ఉండేది. కోపమొస్తే అచ్చు తీసి గోడకేసి కొట్టేది. మరుక్షణం పరిగెత్తి, అంచు విరిగిందేమోనని వేలితో తడిమి చూసుకుని, పిల్లిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకునేది.

"అచ్చుకి చెప్పే సారీ మనుషులక్కూడా చెప్పొచ్చు గదే," అనేవాడు పాండురంగయ్య.

"అచ్చు నన్ను వదిలేసి పోదు మావయ్యా."

ఒకనాడు షెడ్డుకి దుప్పటి కొనడానికి బందరు నుంచి ఒకావిడ వచ్చారు. యాభై దాటిన మనిషి, పేరు మంగతాయారు. బడిపంతుళ్ళ కుటుంబం. ఎక్కడెక్కడో పెద్ద ఆసుపత్రుల్లో మనసు జబ్బులకి వైద్యం చేసి, బందరు గొడుగుపేటలో తండ్రి కట్టిన ఇంటికి తిరిగొచ్చి, మేడమీద గదిలో జనాన్ని చూస్తున్నారు. మందులు రాసే డాక్టరు కాదు, కూర్చోబెట్టి మాట్లాడే డాక్టరు. ఈ సంగతి తెలియగానే పాండురంగయ్య రంగు చేతులు లుంగీకి తుడుచుకుని, దుప్పటి బేరం వదిలేసి, మేనకోడలి గురించి గడగడా చెప్పేశాడు.

"తీసుకురండి," అన్నారావిడ. "కానీ అబద్ధం చెప్పి మాత్రం తీసుకురాకండి."

"అయ్యో, భలేవారే," అన్నాడు పాండురంగయ్య. ఆ మంగళవారమే, "మేడమ్ గారికి దుప్పటి ఇచ్చొద్దాం రా," అని తనూజను బస్సెక్కించాడు.

మేడమీద గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. తనూజకి సంగతి అర్థమైంది. పళ్ళు బిగబట్టి కూర్చుంది.

"నిన్నేమని చెప్పి తీసుకొచ్చారు?"

"దుప్పటి ఇవ్వడానికని."

మంగతాయారు గారు కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకున్నారు. "అబద్ధం వద్దని ఆయనకు చెప్పాను. సరే. నీకిష్టం లేకపోతే దుప్పటి ఇచ్చేసి వెళ్ళిపోవచ్చు. నేనేమీ అనుకోను. దుప్పటి మాత్రం నాకు నిజంగానే కావాలి."

తనూజకి నవ్వొచ్చింది. రాకూడదనుకుంటూనే వచ్చింది. ఆ నవ్వుతోనే ఉండిపోయింది.

కొన్నాళ్ళకి ఆవిడ జబ్బు పేరు చెప్పారు. వ్యక్తిత్వ రుగ్మత అంటారన్నారు. పర్సనాలిటీ డిజార్డర్.

తనూజ కుర్చీలోంచి లేచిపోయింది. "అంటే నా క్యారెక్టర్ మంచిది కాదంటారా?"

"కూర్చో. ఆ పేరు పెట్టినవాళ్ళు మన ఊళ్ళో పెరగలేదు, పెరిగుంటే వేరే పేరు పెట్టేవాళ్ళు. మనుషులు దగ్గరైతే భయం, దూరమైతే ఇంకా భయం. ఆ భయంలో నువ్వు చేసే పనుల వల్లే వాళ్ళు నిజంగా దూరమవుతున్నారు. అంతే దాని సంగతి. ఇది నీ తప్పు కాదు. కానీ బాగుచేసుకోవాల్సింది మాత్రం నువ్వే."

"మాత్ర లేదా?"

"దీనికి లేదు. రావాలి, మాట్లాడాలి. నామీద కూడా నీకు అదే భయం వస్తుంది, అదే కోపం వస్తుంది. అప్పుడు పారిపోకుండా ఈ గదిలోనే దాని సంగతి చూడాలి."

"ఎన్నాళ్ళు?"

"ఏళ్ళు పడుతుంది."

"ఏళ్ళా! బీఈడీ కూడా రెండేళ్ళే గదండీ!"

ఒప్పందం కుదిరింది. మంగళవారం, శుక్రవారం. చెయ్యి కోసుకున్నాక కాదు, కోసుకోవాలనిపించినప్పుడు ఫోన్ చెయ్యాలి. ఆవిడకి వీలైతే ఎత్తుతారు, వీలుకాకపోతే ఎప్పుడు వీలవుతుందో చెబుతారు. కోపమొస్తే ఎంతైనా తిట్టొచ్చు. మానేయాలనిపిస్తే మానేయొచ్చు. కానీ ఫోన్‌లో కాదు, కబురు పంపి కాదు. వచ్చి, కుర్చీలో కూర్చుని, మొహం మీద చెప్పి మానేయాలి. ఇది మాత్రం ఇద్దరికీ గట్టి ఒప్పందం.

తనూజ జీవితంలో ఎవరితోనూ చెయ్యని పని అదొక్కటే. ఒక మనిషిని తెంచుకోకుండా ఉండడం. అది ఆమె వల్ల అవుతుందా కాదా అన్నదే అసలు సంగతి. అయితే మిగిలిన బతుకూ అవుతుంది. కాకపోతే ఆ పొడుగు చేతుల జాకెట్టు లోపల ఏదో ఒకరోజు ఏం జరుగుతుందోనని పాండురంగయ్య భయం.

మొదటి సంవత్సరం మంగతాయారు గారు దేవత. బందరు లడ్డూలు పట్టుకెళ్ళింది. ఆవిడ తీసుకోలేదు. "నువ్వు వస్తే చాలు, ఏమీ తేనక్కర్లేదు," అన్నారు. ఉత్త చేతులతో పెద్దవాళ్ళ గడప తొక్కడం ఎలాగో తెలియక తనూజ ఆ లడ్డూలు కింద జిరాక్సు షాపు ఆనందరావు చేతిలో పెట్టేసింది. ఆయన ఆ ఇంటి గేటుకీ, మెట్లకీ, వచ్చేపోయేవాళ్ళకీ తనే కాపలా అనుకునే మనిషి.

రెండో సంవత్సరం ఆవిడ రాక్షసి. ఎందుకంటే ఏడుపు సరిగ్గా గొంతులోకి వచ్చే సమయానికి గడియారం చూసి, "టైమ్ అయిందమ్మా," అనేవారు. ప్రపంచంలో అంతకంటే నీచమైన మాట లేదనిపించేది తనూజకి. "ఫీజు కోసం కూర్చుంటారు మీరు, గంట కొట్టగానే లేచిపోతారు, బళ్ళో టీచర్లాగా," అని తిట్టేది. ఆవిడ ఉడుక్కునేవారు కాదు, కరిగిపోయేవారూ కాదు. "శుక్రవారం ఇక్కడి నుంచే మొదలుపెడదాం," అనేవారు. శుక్రవారం అక్కడి నుంచే మొదలుపెట్టేవారు. అదే విచిత్రంగా ఉండేది తనూజకి. తను చెప్పింది ఈ మనిషికి గుర్తుంటోంది.

కోసుకోవాలనిపించినప్పుడు ఫోన్ చేసేది. ఫోన్ చేసేలోపు నిలబడలేకపోతే కాలువకి వెళ్ళి, అద్దిన గుడ్డలు చల్లటి నీళ్ళలో జాడించి బండకేసి బాదేది.

"గుడ్డ చిరుగుద్దే తల్లీ!" అని మొత్తుకునేవాడు పాండురంగయ్య. "మేడమ్ గారి కోపం నా గుడ్డ మీదా!"

"గుడ్డ కావాలా, నేను కావాలా?"

"బాదు బాదు. ఇంకా ఉన్నాయి గుడ్డలు."

నాలుగో ఏటికి గీతలు పాతబడ్డాయి. తనూజ పొట్టి చేతుల జాకెట్టు కుట్టించుకుంది. ఒక శుక్రవారం నవ్వుకుంటూ గదిలోకి వచ్చింది. పెద్ద ఆర్డరు ఒకటి దొరికింది, మొదటిసారి మావయ్య తన డిజైనుకి అచ్చు చెక్కించాడు, లతలో కూర్చున్న పిట్ట అచ్చు. ఆ రోజంతా ఆ పిట్ట గురించే చెప్పింది. మంగతాయారు గారు కూడా నవ్వారు.

మంగళవారం వచ్చేసరికి మేడమీద తలుపుకి తాళం ఉంది.

"మేడమ్ లేరా?"

"ఊరెళ్ళారమ్మా," అన్నాడు ఆనందరావు, జిరాక్సు మిషన్ మూత ఎత్తి లోపలికి చూస్తూ.

"ఏ ఊరు?"

"ఏదో ఊరు. పనిమీద."

"ఎప్పుడొస్తారు?"

"వచ్చేస్తారమ్మా. ఇవాళో రేపో వచ్చేస్తారు. నువ్వు కంగారుపడకు."

ఆ గొంతు తనూజకి తెలుసు. కొట్టుకెళ్ళిందమ్మా, ఇప్పుడే వస్తుంది అన్న గొంతు. మెట్లెక్కి కిటికీలోంచి లోపలికి చూసింది. రెండు కుర్చీలూ ఎదురెదురుగా ఉన్నాయి. ఎందుకు చూస్తోందో తెలియకుండానే వంగి తలుపు కింది సందులోంచి కూడా చూసింది. ఫోన్ చేస్తే ఆపేసి ఉంది.

ఏడవలేదు. బస్సెక్కి పెడన వచ్చేసింది.

షెడ్డులో ఆ పెద్ద ఆర్డరు దుప్పట్లు బల్ల మీద పరిచి ఉన్నాయి. నల్ల గీతల అచ్చు పడి ఆరిపోయింది. లోపల ఎరుపు నింపడమే మిగిలింది. ఎరుపు అద్దేది ఎర్ర రంగుతో కాదు, జిగురు కలిపిన పటిక నీళ్ళతో. ఆరితే ఏమీ కనపడదు. తర్వాత కాగులో ఆకులూ వేళ్ళూ వేసి మరిగిస్తే, పటిక పడిన చోటల్లా ఎరుపు తేలుతుంది. అందుకే ఎక్కడ అద్దామో చేతికి తెలియడానికి పటికలో కాస్త కడిగితే పోయే రంగు కలుపుకుంటారు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన పని అది.

తనూజ ఆ రంగు కలపలేదు. ఉత్త పటిక నీళ్ళలో పిట్ట అచ్చు ముంచి, గుడ్డ మీద ఇష్టమొచ్చినట్టు కొట్టింది. గీతల లోపలా బయటా అని లేదు. ఒకదాని మీద ఒకటి, మళ్ళీ అక్కడే ఇంకొకటి. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది. పాండురంగయ్య వచ్చి చూస్తే గుడ్డలు శుభ్రంగా ఆరి ఉన్నాయి. నింపడం అయిపోయిందనుకుని మర్నాడు పొద్దున్నే కాగులో వేశాడు.

కాగు మరిగేకొద్దీ కర్రతో తిప్పుతున్న పాండురంగయ్య మొహం మారింది. గుడ్డ ఎత్తి చూశాడు. పిట్టల మీద పిట్టలు. రక్తం చిమ్మినట్టు ఎరుపు. ఒక మూల పిట్ట ఆకారం కూడా లేదు, అంతా ఒకటే ముద్ద. అన్ని దుప్పట్లూ అంతే.

కర్ర పక్కన పెట్టాడు. అరవలేదు.

"ఎవరి మీదే తనూ, ఇంత కోపం?"

"మీ అందరి మీదా."

"నేనేం చేశానే?"

"రైలుగేటు దగ్గర జీళ్ళు కొనిపెట్టావు."

పాండురంగయ్యకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కాగు పక్కన అలాగే కూలబడిపోయాడు. అన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పిల్లకి గుర్తుండదనే అనుకున్నారు.

"నువ్వు ఏడుస్తావనే అమ్మా."

"ఏడిస్తే ఏమయ్యేది?"

ఆయన నిజంగానే ఆలోచించాడు, జవాబు కోసం. పొయ్యిలో కట్టెలు మసైపోతున్నా చూసుకోలేదు.

"ఏమీ అయ్యేది కాదు," అన్నాడు చివరికి. "కాసేపు ఏడ్చేదానివి. నేను ఎత్తుకునేవాణ్ణి."

పది పన్నెండు రోజులకి మంగతాయారు గారి నుంచి ఫోన్ వచ్చింది. తనూజ ఎత్తలేదు. మళ్ళీ వచ్చింది, ఎత్తలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడు ఎత్తి, "నేనింక రాను," అంది.

అవతల గొంతు నీరసంగా ఉంది. "రాకపోతే రాకు తనూజా. కానీ ఆ మాట వచ్చి నా మొహం మీద చెప్పు. అది మన ఒప్పందం."

"ఒప్పందం మీకు లేదా?"

"ఉంది. తప్పాను. అందుకే రమ్మంటున్నాను."

తనూజ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వెళ్ళకుండా ఉంటే ఎంత సులువు! ఇన్నాళ్ళూ అందరితో చేసినట్టే. నంబరు తీసేస్తే అయిపోతుంది. "వెళ్ళనులే," అని మావయ్యతో చెప్పింది కూడా. ఆయన పాడైన దుప్పట్లలో ఒకటి మడతపెట్టి సంచిలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచాడు. "వెళ్తే ఇది పట్టుకెళ్ళు. తిట్టడానికి మాటలు చాలకపోతే చూపించు," అన్నాడు.

మంగతాయారు గారు పొట్ట మీద దిండు పెట్టుకుని కూర్చున్నారు. సగానికి సగం అయిపోయారు. తనూజ సంచి నేల మీద పడేసింది.

"రానని చెప్పడానికొచ్చా."

"చెప్పు."

"రాను."

"సరే. ఇంకా?"

"ఇంకా ఏంటండీ ఇంకా! మీరూ అంతే, అందరూ ఒకటే. అన్నేళ్ళు చెప్పు చెప్పు అని నా చేత అన్నీ చెప్పించుకుని మీరు మాత్రం చెప్పకుండా పోతారా? ఆ జిరాక్సాయన చేత అబద్ధమాడిస్తారా?"

'అప్పుడు నీకేమనిపించింది' అని ఈవిడ అడుగుతుంది, అడిగితే లేచి వెళ్ళిపోదామని తనూజ అప్పటికే అనుకుంది. ఆవిడ అడగలేదు.

"తప్పు చేశాను," అన్నారు. "ఆపరేషన్ ఉందని నాకు ముందే తెలుసు. ఆ శుక్రవారం నీకు చెప్పాలనే కూర్చున్నాను. నువ్వు పిట్ట గురించి చెబుతూ నవ్వుతున్నావు. ఎందుకులే, మంగళవారం చెబుదాం అనుకున్నాను. ఈలోపు బెజవాడ ఆసుపత్రివాళ్ళు సోమవారమే రమ్మన్నారు. నువ్వు కంగారుపడతావని ఆనందరావుతో అలా చెప్పించాను. నీకోసమే అనుకున్నాను. నీకోసం కాదు, నువ్వు ఏడిస్తే చూడలేక. ఆ భయం నాది. ఐదేళ్ళ పిల్లకి మీవాళ్ళు చేసిన పనే, నీ కథంతా తెలిసి ఉండి, నేనూ చేశాను."

తనూజ తిట్టడానికి దారి పొడవునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఆమెకి తెలిసిన పెద్దవాళ్ళలో ఎవరూ ఇలా కూర్చుని, కళ్ళలోకి చూసి, సాకు చెప్పకుండా తప్పు ఒప్పుకోలేదు.

"అదేంటండీ," అంది. "మీరలా ఒప్పేసుకుంటే నేనెవరితో పోట్లాడాలి?"

"నాతోనే. ఇంకా టైముంది."

అప్పుడు వచ్చింది ఏడుపు. మగ్గం గుంటలోంచి తల పైకెత్తి చూసిన పిల్ల దాచుకున్న ఏడుపు. కింద జిరాక్సు మిషన్ ఆగిపోయేంత గట్టిగా ఏడ్చింది. మంగతాయారు గారు ఊరుకోమనలేదు, నీళ్ళు తాగమనలేదు, ఎక్కడికీ పోకుండా ఎదురుగా కూర్చున్నారు. కాసేపటికి గడియారం చూసి, "టైమ్ అయిందమ్మా," అన్నారు. ఆ రోజు కూడా అన్నారు.

తనూజ ముక్కు తుడుచుకుంది. "మంగళవారం వస్తా. ముందు మీరు దిండు సరిగ్గా పెట్టుకోండి, జారిపోతోంది."

ఆ దుప్పటి ఆవిడ విప్పి చూశారు. "బాగుందా?" అంటే, "దుప్పటిగా బాలేదు," అన్నారు. తనూజ మళ్ళీ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది. పాండురంగయ్య దాన్ని షెడ్డు గుమ్మానికి పరదాగా కట్టాడు. ఆర్డరు పోయింది, మాట పడ్డాడు, పొట్ట మాడ్చుకుని వేరే బేరాలకి మళ్ళీ అద్దాడు. కొన్నాళ్ళకి హైదరాబాదు షాపువాళ్ళెవరో వచ్చి పరదా చూసి ముచ్చటపడ్డారు.

"ఇలాంటివి పది కావాలంటున్నారే!"

"అయితే నాకు పదిసార్లు కోపం తెప్పించు."

"వద్దులే తల్లీ. ఒక్కటి చాలు."

ఆ మంగళవారాలూ శుక్రవారాలూ తర్వాత ఇంకా రెండేళ్ళు నడిచాయి. తనూజకి కోపం పోలేదు, ఇప్పటికీ ఉంది, అచ్చులూ అప్పుడప్పుడూ గోడకి తగులుతాయి. కానీ మనుషులు మిగులుతున్నారు. ఒకరోజు అన్నం తింటూ ఉన్నట్టుండి తల్లితో, "నువ్వు నాకు చెప్పి వెళ్ళాల్సింది," అంది. అందులో తిట్టు లేదు. కనకమహాలక్ష్మి కంచం ముందు ఏడ్చింది. చెప్పి వెళ్ళనందుకో, కూతురు మొదటిసారి తనను "నువ్వు" అన్నందుకో ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ చెప్పకుండా గడప దాటరు. పాండురంగయ్య అవనిగడ్డ వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేదానికి కూడా, "వెళ్తున్నానే! విన్నావా? వెళ్తున్నా!" అని వీధిలోంచి మూడుసార్లు కేకేస్తాడు. "విన్నా, వెళ్ళు మావయ్యా, బస్సెళ్ళిపోద్ది!" అని లోపల్నుంచి కసురుకుంటుంది తనూజ.

ఇక చాలన్న మాట తనూజే ఎత్తింది. మంగతాయారు గారు వెంటనే సరే అనలేదు. ఆపడానికి కూడా నెలలు పడుతుందన్నారు. ఆఖరు రోజు ఎప్పుడో ముందే అనుకుని, ఆ రోజు గురించే వారం వారం మాట్లాడుకున్నారు. అవసరమైతే తలుపు ఉందని చెప్పారు కానీ, అది వేరే సంగతి, ఇది మాత్రం అయిపోవడమే అని కూడా చెప్పారు. మధ్యలో ఒక వారం తనూజ ఆలస్యంగా వచ్చింది, ఒక వారం పలకలేదు, ఒక వారం మీకు నన్ను వదిలించుకోవాలనుందని పోట్లాడింది. అన్నీ అయ్యాక ఆ మంగళవారం వచ్చింది.

గేటు దగ్గర ఆగి, "ఆనందరావు గారూ, నేనింక రాను. ఇవాళే ఆఖరు," అంది.

"అదేం మాటమ్మా! అలా అనకూడదు, వెళ్ళొస్తాననాలి."

"వచ్చేది లేనప్పుడు ఎలా అంటానండీ? ఆ తర్వాత మీరు ఎదురు చూస్తారు."

ఆయన జిరాక్సు కాగితాలు సర్దుకుంటూ ఏదో గొణిగాడు. తర్వాత తల ఎత్తి సరిగ్గా ఆమె మొహంలోకి చూసి, "మంచిదమ్మా," అన్నాడు.

తనూజ ఆ రోజు ఏమీ పట్టుకెళ్ళలేదు. లడ్డూలు లేవు, గుడ్డ లేదు. ఉత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొట్టి చేతుల జాకెట్టు, పాత గీతలు వెలిసిపోయిన ముంజేతులు. షెడ్డులో ఇద్దరు కొత్త పిల్లలకి పని నేర్పుతున్నానని చెప్పింది. పటికలో గుర్తు రంగు కలపడం మర్చిపోతే వీపు చీరేస్తానని చెప్పానంది. మంగతాయారు గారు నవ్వారు. గడియారం వైపు చూశారు. "టైమ్ అయింది" అనడానికి నోరు తెరిచి, ఆ రోజు మాత్రం అనలేకపోయారు.

"నేను చెబుతా," అంది తనూజ. "టైమ్ అయిందండీ."

ఇద్దరూ లేచి మెట్ల దగ్గరికి వచ్చారు. ఆవిడ కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడవడం మొదలుపెట్టారు. ఎంతసేపటికీ తుడవడం అవలేదు. లోపలికి వెళ్ళిపోబోతున్నట్టు కాస్త పక్కకి తిరిగారు.

తనూజ రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి చూసింది.

"లోపలికెళ్ళిపోకండి. నేను గేటు దాటి ఆ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడండి. నేను వెళ్తున్నాను, చూస్తూ ఉండండి. ఏడుపొస్తే ఏడవండి మేడమ్, ఏమీ కాదు."